పేరు అక్కర్లేని స్వామి: విజయనగరం నుంచి కాశీ దాకా త్రైలింగ స్వామి జీవితం

ఈ వారం వీడియోలో త్రైలింగ స్వామి గురించి చెప్పుకున్నాం. టైమ్ సరిపోక వదిలేసిన సంగతులు చాలానే ఉన్నాయి. అవన్నీ ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం.

కాశీ వెళ్లే మన తెలుగువాళ్లు సాధారణంగా విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, దశాశ్వమేధ ఘాట్‌లో హారతి, ఇవన్నీ చూసుకుని తిరుగు రైలు ఎక్కేస్తారు. మణికర్ణిక దాటి ఇంకాస్త ముందుకి వెళ్తే పంచగంగా ఘాట్ వస్తుంది. అక్కడ మెట్లెక్కి సందులోకి వెళ్తే ఒక పాత మఠం ఉంటుంది. లోపల పెద్ద శివలింగం, అమ్మవారి విగ్రహం, ఒక స్వామివారి విగ్రహం కనిపిస్తాయి. బెంగాల్ నుంచి వచ్చే యాత్రికులు ఆ స్వామికి సాష్టాంగం పెట్టి వెళ్తుంటారు. ఆయన మన విజయనగరం ప్రాంతంలో పుట్టిన మనిషి అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలీదు.

ఆయన జీవితం చదివాక దీని గురించి బాధపడాల్సిన పని లేదనిపిస్తుంది. ఎందుకంటే తనని గుర్తుంచుకోవాలని ఆయన ఎప్పుడూ ఎవరినీ అడగలేదు.

పేరు కాని పేరు

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. త్రైలింగ స్వామి అనేది ఆయన పేరు కాదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు శివరాం. సన్యాసం తీసుకున్నప్పుడు గురువు ఇచ్చిన పేరు గణపతి సరస్వతి. కాశీ జనానికి ఈ రెండూ తెలియవు. ఆయన చెప్పుకోలేదు కాబట్టి వాళ్లకి తెలిసే దారీ లేదు. దక్షిణాది నుంచి, త్రిలింగ దేశం నుంచి వచ్చిన స్వామి అని మాత్రం తెలుసు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు శివక్షేత్రాల మధ్య ఉన్న నేల త్రిలింగ దేశం, అదే మన తెలుగు నేల. అందుకని త్రైలింగ స్వామి అన్నారు. బెంగాలీలు త్రైలంగ అన్నారు, హిందీవాళ్లు తైలంగ అన్నారు. ఎవరు ఎలా పలికినా అర్థం ఒక్కటే: తెలుగు స్వామి.

ఒక మనిషి తన పేరు పూర్తిగా వదిలేస్తే చివరికి పుట్టిన నేల పేరే ఆయనకి పేరైపోయింది.

అమ్మ అప్పజెప్పిన పని

శిష్యులు రాసిన జీవిత చరిత్ర ప్రకారం ఆయన విజయనగరం ప్రాంతంలోని హోలియా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి నరసింహరావు, తల్లి విద్యావతి. కలిగిన కుటుంబం, శివభక్తుల ఇల్లు. పుట్టిన సంవత్సరం 1607 అని భక్తుల లెక్క. దేహం విడిచింది 1887లో. అంటే 280 ఏళ్లు! మనలాంటివాళ్లం ఇక్కడే ఆగిపోతాం. ఫోన్ తీసి గూగుల్ చేస్తాం, ఇది సాధ్యమా అని వాదించుకుంటాం. వాదించుకోండి, తప్పేం లేదు. కానీ ఆ లెక్క దగ్గరే ఆగిపోతే అసలు కథ చేజారిపోతుంది. ఎన్నేళ్లు బతికారన్నది పక్కన పెట్టి, ఎలా బతికారో చూద్దాం.

శివరాంకి చిన్నప్పటి నుంచీ సంసారం మీద మనసు లేదు. పెళ్లి వద్దన్నారు. తండ్రి పోయాక ఆస్తి మొత్తం సవతి తమ్ముడు శ్రీధర్‌కి అప్పగించేశారు. అప్పటికి ఆయన వయసు నలభై అంటారు. ఆస్తి వదులుకున్నా అమ్మని వదిలి వెళ్లలేదు.

అప్పుడే తల్లి ఒక సంగతి చెప్పిందట. ఆమె తండ్రి, అంటే శివరాంకి తాతగారు, కాళీ ఉపాసకుడు. లోకక్షేమం కోసం మొదలుపెట్టిన సాధన పూర్తికాకుండానే ఆయన ప్రాణం పోయింది. మళ్లీ నీ కడుపునే పుట్టి ఈ పని పూర్తిచేస్తానని కూతురికి చెప్పి కన్నుమూశారు. నువ్వే ఆయనవని నా నమ్మకం, ఆ సాధన ఇక నువ్వు కొనసాగించాలి అని తల్లి కొడుకుకి కాళీమంత్రం ఉపదేశించింది.

ఆలోచిస్తే ఇది విచిత్రమైన బాధ్యత. ఆ పని చేస్తే ఎవరూ డబ్బివ్వరు, బిరుదివ్వరు. ఎంతవరకు వచ్చిందో బయటివాళ్లకి తెలీదు. పూర్తయిందో లేదో సాక్ష్యం చెప్పేవాళ్లూ లేరు. చేసేవాడికీ అమ్మవారికీ తప్ప మూడోవాళ్లకి కనపడని పని. శివరాం దాన్ని తలకెత్తుకున్నారు. ఊరి దగ్గర గుళ్లలో, క్షేత్రాల్లో సాధన చేస్తూ వచ్చారు. తల్లికి మాత్రం దూరం కాలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె చెంతనే ఉన్నారు.

ఆమె పోయాక చితాభస్మాన్ని ఒంటికి పూసుకుని శ్మశానం దగ్గరే ఉండిపోయారు. తమ్ముడు శ్రీధర్ అక్కడే ఒక పాక వేయించి, తిండి తిప్పలు చూసుకున్నాడు. ఈ కథలో శ్రీధర్‌ది చిన్న పాత్రే. కానీ ఆ పాక లేకపోతే, ఆ అన్నం లేకపోతే అన్నేళ్ల తపస్సు సాగేదా? పేరు రాని సేవ ఆయనది కూడా.

కొన్నేళ్లకి పంజాబ్ వైపు నుంచి భగీరథానంద సరస్వతి అనే సన్యాసి వచ్చారు. శివరాం ఆయన వెంట నడిచి, పుష్కరం చేరి, 1685లో సన్యాసం తీసుకున్నారని చరిత్ర. గురువు దేహం చాలించాక ఒంటరిగా తీర్థయాత్రకి బయల్దేరారు.

జనం పోగైతే చాలు, కదిలిపోయేవారు

ఇక్కడి నుంచి కథలు మొదలవుతాయి. రామేశ్వరంలో చనిపోయాడనుకున్న మనిషి ఆయన కమండలం నీళ్లు చల్లితే లేచి కూర్చున్నాడని ఒక కథ. నేపాల్ అడవిలో వేటగాళ్లు తరిమిన పులి వచ్చి ఆయన పాదాల దగ్గర పిల్లిలా పడుకుందని ఇంకో కథ. ప్రయాగలో మునిగిపోతున్న పడవని కాపాడారని మరొకటి. భక్తులు తరతరాలుగా చెప్పుకుంటున్నవి ఇవి. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

ఈ కథలన్నిటి చివరా ఒకే సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది. అద్భుతం జరిగింది, జనానికి తెలిసింది, గుంపులు గుంపులుగా రావడం మొదలైంది, ఆయన ఆ చోటు వదిలేసి వెళ్లిపోయారు. రామేశ్వరంలో అంతే. నేపాల్‌లో పెద్ద పెద్దవాళ్లు కానుకలతో వస్తే ఏదీ ముట్టుకోకుండా టిబెట్, మానససరోవరం వైపు వెళ్లిపోయారంటారు. తర్వాత నర్మదా తీరం, ప్రయాగ, చివరికి కాశీ.

ఒక్కసారి ఇప్పటి లెక్కలో చూడండి. ఒక వీడియో వైరల్ అయింది, లక్షల్లో ఫాలోయర్లు వచ్చారు. సరిగ్గా అప్పుడే అకౌంట్ డిలీట్ చేసి వెళ్లిపోయేవాళ్లు ఎవరైనా ఉంటారా? అదీ ఒకసారి కాదు, ప్రతిసారీ? ఆయనకి జనం మీద కోపం లేదు. రోగులు వస్తే కాదన్నది లేదు. ఎటొచ్చీ గుంపు తన చుట్టూ తిరగడం మొదలైతే అమ్మ అప్పజెప్పిన పని వెనకబడిపోతుందని ఆయనకి తెలుసు.

కాశీలో కూడా ఒకచోట ఉండలేదు. అసి ఘాట్, హనుమాన్ ఘాట్, దశాశ్వమేధ ఘాట్, ఇలా మారుతూ వచ్చారు. కుష్ఠుతో, క్షయతో పడి ఉన్నవాళ్లని బాగుచేశారని ఆ ఘాట్‌ల పేర్లతో సహా చెప్పుకుంటారు. చివరికి పంచగంగా ఘాట్ దగ్గర స్థిరపడ్డారు.

ఒకే నేల నుంచి రెండు దారులు

అదే కాశీలో విజయనగరం గజపతి రాజులకీ చోటుంది. భేలూపూర్‌లో వాళ్ల ప్యాలెస్, కేదార్ ఘాట్ పక్కన వాళ్ల పేరుతోనే విజయనగరం ఘాట్ ఇప్పటికీ ఉన్నాయి. గంగ ఒడ్డున పడవలో వెళ్తుంటే ఆ పేరు చూసి మనకి భలే సంబరంగా ఉంటుంది.

రాజులు కాశీకి వచ్చి భవనాలు కట్టించారు, ఘాట్‌కి పేరు ఇచ్చారు. అది వాళ్ల ధర్మం. రాజు చేసే దానం పదిమందికీ కనపడాలి, అప్పుడే ఇంకో పదిమంది చేస్తారు. అదే నేల నుంచి వచ్చిన ఈ స్వామికి మాత్రం నెత్తిన కప్పు లేదు, ఒంటి మీద గుడ్డ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కాళ్లు కాలిపోయే ఇసకలో పడుకునేవారట. గంగలో గంటల తరబడి తేలుతూ ఉండేవారట. ఎవర్నీ అడుక్కోరు. ఎవరైనా నోట్లో పెడితే తింటారు, పెట్టకపోతే లేదు. దీన్ని అజగర వృత్తి అంటారు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్లో కొండచిలువని కూడా లెక్కపెడతాడు కదా, దాని దగ్గర నేర్చుకున్న పాఠం ఇదే. తనంతట తాను వచ్చింది తీసుకోవడం, రానిదాని వెంట పరిగెత్తకపోవడం.

ఇంత తక్కువ తినే మనిషి ఒళ్లు మాత్రం భారీగా ఉండేది. 130 కిలోలకి పైనే బరువుండేవారని పరమహంస యోగానంద తన ఆత్మకథలో రాశారు.

సున్నం బకెట్, తాళం వేసిన గది

ఆ ఆత్మకథలోనే రెండు కథలున్నాయి, రెండూ ఉత్తరాదిలో చాలా ప్రసిద్ధం.

స్వామిని దొంగ సాధువు అనుకున్న ఒకడు పరీక్షించడానికి బకెట్ నిండా సున్నపు నీళ్లు కలిపి తెచ్చి, గడ్డపెరుగు అని చెప్పి ఇచ్చాడు. స్వామి మారుమాట లేకుండా మొత్తం తాగేశారు. ఆయనకేమీ కాలేదు. ఇచ్చినవాడు కడుపు మంటతో కింద పడి గిలగిల్లాడిపోయాడు. నీ ప్రాణం, నా ప్రాణం ఒక్కటేనని తెలీక విషం ఇచ్చావు, ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయకు అన్నట్టుగా మందలించి స్వామి వాణ్ణి క్షమించారు. మామూలుగా మౌనంగా ఉండే మనిషి తన శక్తి చూపించుకోవడానికి కాదు, ఎదుటివాడికి బుద్ధి చెప్పడానికి నోరు తెరిచారు.

రెండోది జైలు కథ. దిగంబరంగా తిరుగుతున్నారని పోలీసులు పట్టుకెళ్లి గదిలో పెట్టి తాళం వేశారు. కాసేపటికి చూస్తే స్వామి జైలు పైకప్పు మీద నడుస్తున్నారు! తాళం వేసినట్టే ఉంది. మళ్లీ లోపల పెట్టి కాపలా పెట్టారు. మళ్లీ పైకప్పు మీదే. చివరికి వాళ్లే వదిలేశారు.

ఈ కథలో ఇంకో సంగతి ఉంది. ఆయన పోలీసులతో పోట్లాడలేదు, నేనెవరో తెలుసా అనలేదు. అవమానం జరిగినప్పుడు మనం మొదట అనే మాట అదే కదండీ. గౌరవం దొరికితే పొంగిపోనివాణ్ణి అవమానం ఏం చేస్తుంది?

పరమహంస వచ్చిన రోజు

1868లో శ్రీరామకృష్ణ పరమహంస మథుర్‌బాబుతో కలిసి కాశీయాత్రకి వచ్చారు. త్రైలింగ స్వామి గురించి విని చూడ్డానికి వెళ్లారు. స్వామి అప్పుడు మౌనవ్రతంలో ఉన్నారు. అతిథికి మర్యాదగా తన ముక్కుపొడుం డబ్బీ ముందుకి జరిపారట! ఏమీ దాచుకోని మనిషి దగ్గర ఇవ్వడానికి అదొక్కటే ఉంది మరి.

రామకృష్ణులు సైగలతోనే అడిగారు, దేవుడు ఒక్కడా, చాలామందా అని. స్వామి కూడా సైగలతోనే బదులిచ్చారు. సమాధిలో ఉన్నప్పుడు ఒక్కడే. నేను, నువ్వు, ఈ జగత్తు అన్న ఎరుక ఉన్నంతసేపూ అనేకం. పెద్ద పెద్ద వేదాంత గ్రంథాలు తేల్చడానికి తంటాలుపడే సంగతిని ఒక్క మాట లేకుండా తేల్చేశారు. నిజమైన పరమహంస అంటే ఇలా ఉంటాడని రామకృష్ణులు మేనల్లుడు హృదయ్‌కి చూపించి చెప్పారు. సాక్షాత్తూ నడిచే విశ్వనాథుడు అని కొనియాడారు. స్వయంగా పాయసం తినిపించారని కూడా చెప్తారు.

ఆ రోజుల్లో స్వామి దగ్గరలో ఒక ఘాట్ కట్టించాలని సంకల్పించి ఉన్నారట. రామకృష్ణుల మాట మీద హృదయ్ కూడా పార అందుకుని కాస్త మట్టి వేశాడని రామకృష్ణుల జీవిత చరిత్రలో ఉంది. ఇద్దరు మహాత్ములు కలిసిన రోజున వేదికలు కట్టలేదు, సన్మానాలు జరగలేదు. ఒక ముక్కుపొడుం డబ్బీ, కొన్ని సైగలు, నాలుగు పారల మట్టి.

మౌనం విడిచింది ఎవరి కోసం?

ఇంత మౌనంగా ఉన్న మనిషి ఒకసారి నలుగురిలో నోరు తెరిచి ఒకరిని పొగిడారు. ఎవరిని? ఒక గుమస్తాని.

ఆయనే శ్యామాచరణ లాహిరి, మనం లాహిరీ మహాశయులు అంటాం. పుట్టింది 1828లో. మిలిటరీ ఇంజనీరింగ్ శాఖలో లెక్కలు చూసే ఉద్యోగం. భార్యాపిల్లలు, ఇంటి ఖర్చులు, బదిలీలు, అన్నీ మనలాగే. 1861లో రాణీఖేత్‌లో బాబాజీ దగ్గర క్రియాయోగ దీక్ష తీసుకుని, మళ్లీ వచ్చి అదే ఉద్యోగం చేసుకున్నారు. పగలు ఆఫీసు, రాత్రి సాధన, శిష్యులు.

ఇంత గొప్ప సన్యాసి, సర్వం విడిచిన మనిషి, ఒక సంసారికి అంత గౌరవం ఇవ్వడమేంటని ఒక శిష్యుడు త్రైలింగ స్వామిని అడిగాడు. స్వామి చెప్పిన బదులు మొత్తం ఒక పిల్లిపిల్ల మీద నడిచింది. జగన్మాత ఎక్కడ పెడితే అక్కడ ఉండే పిల్లిపిల్ల లాంటివాడు లాహిరీ. ఆ తల్లి సంసారంలో పెట్టింది, సంసారంలోనే ఉన్నాడు. నేను గోచీ కూడా వదిలేసి వెతుక్కున్న ఆత్మజ్ఞానం అతను గృహస్థుగా ఉంటూనే పొందాడు. ఆయన చెప్పినదాని సారం ఇది.

మన పెద్దవాళ్లు చెప్పే రెండు న్యాయాలు గుర్తుచేసుకోండి. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్లకి ఆ బాధ లేదు, తల్లే నోట కరచుకుని చోటు మారుస్తుంది. అటక మీద పెట్టినా, వంటింట్లో పెట్టినా దానికి ఒకటే. నన్ను పట్టెమంచం మీద ఎందుకు పెట్టలేదని పేచీ పెట్టదు.

తన గురించి ఒక్క ముక్క చెప్పుకోని మనిషి, తనకంటే వయసులో ఎంతో చిన్నవాణ్ణి, తనకి పూర్తిగా వేరే దారిలో ఉన్నవాణ్ణి, నాతో సమానం అని అందరి ముందూ చెప్పారు. పేరు కోరుకునేవాడికి పక్కవాడి పేరు గుచ్చుకుంటుంది. ఆయనకి గుచ్చుకోలేదు. పేరు మీద నిజంగా ఆశ పోయిందా లేదా అన్నదానికి ఇంతకంటే పరీక్ష ఏముంటుంది?

చివరి ఏకాదశి

1887 డిసెంబర్ 26న స్వామి దేహం విడిచారు. అది పుష్య శుద్ధ ఏకాదశి. ధనుర్మాసంలో వచ్చిన శుద్ధ ఏకాదశి కాబట్టి మన లెక్కలో ముక్కోటి. ఆయన పార్థివ దేహాన్ని పెట్టెలో ఉంచి గంగలో విడిచారు. సన్యాసులకి అది జలసమాధి.

ఆయన ఊరూరా శాఖలున్న పెద్ద సంస్థేదీ పెట్టలేదు. కొద్దిమంది శిష్యులు, ఆ పంచగంగా మఠం, అంతే. ఉమాచరణ్ ముఖోపాధ్యాయ అనే శిష్యుడు బెంగాలీలో ఆయన జీవితం రాశారు. 1946లో వచ్చిన యోగానందుల ఆత్మకథ వల్ల ప్రపంచమంతా తెలిశారు. మన తెలుగువాళ్లలో చాలామందికి మన స్వామి కథ అలా పక్క భాషల మీదుగా తిరిగొచ్చింది.

మరి మన సంగతి?

ఇది చదివి, అయితే ఆఫీసులో మనం చేసిన పనికి క్రెడిట్ అడగకూడదా, ప్రమోషన్ వద్దా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. అది కాదండీ. లాహిరీ మహాశయులు జీతం తీసుకున్నారు, రిటైరయ్యాక పెన్షన్ కూడా తీసుకున్నారు. న్యాయంగా రావలసినది అడగడం ధర్మమే. ఇంటిని పోషించుకోవడం కూడా దేవుడు అప్పజెప్పిన పనే.

తేడా ఎక్కడుందంటే, ఎవరూ చూడట్లేదని తెలిసినా చేసే పని మన దగ్గర ఒక్కటైనా ఉందా అన్న దగ్గర. రోజూ పొద్దున్న పది నిమిషాల జపం కావచ్చు. మంచాన పడ్డ అమ్మమ్మకి అన్నం కలిపి పెట్టడం కావచ్చు. పక్కింటి పనమ్మాయి కొడుక్కి లెక్కలు చెప్పడం కావచ్చు. దానికి స్టేటస్ పెట్టకుండా, ఫోటో తీయకుండా ఉండగలమా? ఒక నెల చేశాక ఎవరూ మెచ్చుకోకపోతే మానేస్తామా? మానేస్తే మనం ఆ పనికి కాదు, మెప్పుకి కట్టుబడ్డామన్నమాట.

ఈ వారం అలాంటి పని ఒకటి ఎంచుకోండి. ఏం ఎంచుకున్నారో కామెంట్‌లో రాయకండి! ఈ ఒక్కసారికి అది మీకూ ఆ విశ్వనాథుడికీ మధ్యే ఉండనివ్వండి.

ఇంకో మాట. ఈసారి కాశీ వెళ్తే ఆంధ్రా ఆశ్రమంలో దిగి, కేదార్ ఘాట్ దగ్గర పడవ ఎక్కి పంచగంగా దాకా వెళ్లండి. మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని ఎక్కించండి. మఠంలో ఆ విగ్రహం ముందు కూర్చున్నప్పుడు ఏ భాషలో దండం పెట్టుకోవాలా అని ఆలోచించకండి. అమ్మ దగ్గర మంత్రం తెలుగు నేల మీదే నేర్చుకున్న స్వామి ఆయన.

ఓం నమః శివాయ. హర హర మహాదేవ.